మూడేళ్ల ఫోను మొరాయిస్తోంది: కంపెనీవాళ్లే నెమ్మది చేస్తారా? బ్యాటరీ మారిస్తే సరిపోతుందా?

దేవరకొండ మేట్:

అందరికీ నమస్కారం. నేను ఉపాధి హామీ పనుల్లో మేట్‌గా చేస్తున్నాను. మా ఊరు దేవరకొండ దాటాక చందంపేట వైపు. నా ఫోను గురించి అడుగుతున్నాను. ఆ ఫోను మీద ముప్పై మంది కూలి ఆధారపడి ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఇప్పుడు హాజరు కాగితం మస్టరు మీద వేస్తే చెల్లదు, ఫోనులో వేయాలి. పొద్దున హాజరు వేసి ఒక ఫోటో, నాలుగు గంటల తర్వాత రెండో ఫోటో ఎక్కించాలి. రెండోది ఎక్కకపోతే ఆ రోజు కూలికి ఇబ్బంది. ఎండకు భయపడి ఆరింటికే పని మొదలుపెడతాం కాబట్టి రెండో ఫోటో వేళకు పది దాటుతుంది, నడినెత్తిన ఎండ. సరిగ్గా అప్పుడే నా ఫోను చేతులెత్తేస్తుంది. బ్యాటరీ ముప్పై అయిదు శాతం చూపిస్తూనే ఉంటుంది, కెమెరా తెరవగానే తెర నల్లబడి ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే పన్నెండు శాతం అంటుంది. ఛార్జర్ పెట్టిన కాసేపటికే తిరిగి ముప్పై చూపిస్తుంది. ఈలోగా కందకం గట్టు మీద ముసలమ్మలు కొంగు నెత్తిన కప్పుకుని, గడ్డపార ఆనించుకుని వరుసలో నిలబడి ఉంటారు. పని అయిపోయి కూడా ఇంటికి పోలేరు. వాళ్ల ముఖం చూడలేకపోతున్నాను.

ఆగిపోవడం ఒకటైతే, నెమ్మదించడం ఇంకొకటి. కొన్నప్పుడు చకచకా తెరుచుకున్న హాజరు యాప్ ఇప్పుడు తెల్ల తెర చూపిస్తూ కూర్చుంటుంది. గత ఏడాది ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది, అది వేసినప్పటి నుంచే ఈ తేడా అని నాకు గట్టిగా అనిపిస్తోంది. దేవరకొండలో దుకాణానికి వెళ్తే ఫోను చేతిలోకి కూడా తీసుకోకుండా, "మూడేళ్లు వాడారు కదా, కొత్తది తీసుకోండి, వాయిదాల మీద ఇస్తాం" అన్నారు. పద్నాలుగు వేల ఫోను. దాని వాయిదాలు తీరి ఇంకా ఎంతో కాలం కాలేదు.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. పాత ఫోన్లను కంపెనీలే కావాలని నెమ్మది చేస్తాయని, విదేశాల్లో జరిమానాలు కూడా పడ్డాయని అంటున్నాడు. అది నిజమేనా? నిజమైతే నా ఫోను విషయంలోనూ అదే జరిగిందా? బ్యాటరీ మారిస్తే బాగవుతుందా, లేక ఆ డబ్బూ దండగేనా? తెలిసినవాళ్లు చెప్పండి. ఫోను ఐఫోను కాదు, మామూలు ఆండ్రాయిడ్.

జడ్చర్ల రిపేర్:

అక్కా, నమస్తే. జడ్చర్లలో నాకు ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. ఫోను చేతిలోకి తీసుకోకుండానే కొత్తది కొనమన్న మాట చదివితే కడుపు మండింది. ముందు ఫోను చూడాలి కదా!

మీరు రాసిన గుర్తులు బ్యాటరీ వైపే వేలు చూపిస్తున్నాయి. ముప్పై అయిదు దగ్గర ఆగిపోవడం, తిరిగి లేచాక పన్నెండు చూపించడం, ఛార్జర్ పెట్టిన కాసేపటికే మళ్లీ ముప్పైకి ఎగబాకడం. బ్యాటరీలో ఎంత ఛార్జి మిగిలిందో శాతం చెబుతుంది. మిగిలినదాన్ని అడిగిన క్షణంలో ఇవ్వగలదో లేదో చెప్పదు. లిథియం అయాన్ బ్యాటరీ వాడే కొద్దీ లోపల నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడు ప్రాసెసర్, తెర, కెమెరా, నెట్ అన్నీ కలిసి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. పాత బ్యాటరీలో ఆ లాగుడుకు వోల్టేజీ జారిపోతుంది. ఒక హద్దు దాటి జారితే ఫోను తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మీ వైపు బోరు మోటార్లు చూసే ఉంటారు. లైనులో వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు మోటారు వేస్తే, అది మొదట్లో లాగే కరెంటుకు వోల్టేజీ ఇంకా పడిపోయి స్టార్టరు ట్రిప్పవుతుంది. బోరులో నీళ్లుంటాయి, మోటారు మాత్రం తిరగదు. మీ ఫోను సంగతీ అంతే.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. ఫోను బాగా వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. కొత్త ఫోనైనా అంతే, చల్లబడితే మళ్లీ మామూలవుతుంది. అందువల్ల మీ ఫోనులో రెండు జబ్బులు కలిసి ఉండవచ్చు. విడదీయడానికి ఒక పరీక్ష చెబుతాను. రాత్రి చల్లబడ్డాక, ఛార్జి ముప్పై, నలభై మధ్య ఉన్నప్పుడు కెమెరా తెరిచి కొద్దిసేపు వీడియో తీయండి. అప్పుడూ ఆగిపోతే తప్పు బ్యాటరీదే. ఆగకుండా, నెమ్మదిగా మాత్రమే ఉంటే ఫోనులో ఖాళీ ఎంత ఉందో చూడండి. మేట్ల ఫోన్లు నా దగ్గరికీ వస్తుంటాయి, పని ఫోటోలతో నిండిపోయి ఉంటాయి. నిండిన ఫోను ఎలాగూ ఈడుస్తుంది. చందంపేట గుట్టల్లో సిగ్నలు సరిగా అందదు కాబట్టి టవర్ కోసం ఫోను ఎక్కువ శక్తితో వెతుకుతూ ఉంటుంది. దాంతో బ్యాటరీ కరిగేదీ వేడెక్కేదీ ఎక్కువ. ఫోటోల మధ్య నాలుగు గంటలూ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గుడ్డలో చుట్టకుండా నీడలో ఉంచండి.

ఇంకొకటి చూడండి. ఫోనును బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో కదిపితే గుండ్రంగా తిరుగుతోందా? వెనక మూత అంచున సందు కనిపిస్తోందా? ఈ మధ్య నారాయణపేట నుంచి ఒక ఆశా కార్యకర్త తెచ్చిన ఫోనులో తెర అంచు గోరు దూరేంత లేచింది, ఆ సందులోంచి లోపలి వెలుగు సన్నటి గీతలా కనిపిస్తోంది. మూత తీస్తే బ్యాటరీ సంచి నడుమ పొంగి, పైనున్న రేకును వంచేసి ఉంది. ఆమె నెలల తరబడి దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నారు. మీదీ అలా ఉంటే ఛార్జి పెట్టడం ఇవాళే ఆపండి, ఏ పరీక్షా వద్దు, నేరుగా రిపేరుకు తీసుకెళ్లండి.

మిర్యాలగూడ ఇంజినీర్:

జడ్చర్ల అన్న చెప్పింది సరిగ్గా ఉంది. మీ అబ్బాయి అడిగిన దానికి నేను జవాబిస్తాను. అతను విన్నది నిజమే, కానీ అది ఐఫోన్ల కథ. దాన్ని అన్ని ఫోన్లకూ అంటించకూడదు.

2016 చివర్లో ఐఫోన్ 6ఎస్ ఫోన్లు ఛార్జి ఉండగానే ఆగిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 2017 జనవరిలో యాపిల్ 10.2.1 అనే అప్‌డేట్ ఇచ్చింది. ఆగిపోవడం బాగా తగ్గిందని ఆ తర్వాత చెప్పుకుంది. ఎలా తగ్గిందో జనానికి తెలిసింది ఆ ఏడాది డిసెంబరులో. ఒకాయన బ్యాటరీ మార్చాక తన ఫోను వేగం పెరిగిందని లెక్కలతో సహా ఇంటర్నెట్‌లో పెట్టాడు. వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ తయారుచేసిన జాన్ పూల్ తన దగ్గరున్న ఫలితాలను అప్‌డేట్ల వారీగా గీసి చూపించాడు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్లన్నీ దాదాపు ఒకే వేగం దగ్గర ఉంటే, కొత్త సాఫ్ట్‌వేర్ వేసినవి మెట్లు మెట్లుగా కింద విడిపోయి కనిపించాయి. అప్పుడు యాపిల్ ఒప్పుకుంది. బ్యాటరీ పాతబడిన ఫోన్లలో ప్రాసెసర్ పైవేగాన్ని తగ్గిస్తున్నామని, ఆగిపోకుండా ఉండటానికేనని వివరణ ఇచ్చింది. ఆ నెలాఖరుకు క్షమాపణ చెప్పి, వారంటీ దాటిన ఫోన్లకు బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది.

అప్పట్లోనే సామ్‌సంగ్, ఎల్‌జీ, మోటరోలా, హెచ్‌టీసీ తాము బ్యాటరీ వయసును బట్టి వేగం తగ్గించడం లేదని ప్రకటించాయి. అయితే 2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు కోటి యూరోలు, సామ్‌సంగ్‌కు యాభై లక్షల యూరోలు జరిమానా వేసింది. సామ్‌సంగ్ మీద కేసు బ్యాటరీ గురించి కాదు. నోట్ 4 ఫోనుకు, అది మోయలేని కొత్త సాఫ్ట్‌వేర్ వేయమని వాడేవారిని ఒత్తిడి చేసిందన్నది అభియోగం. అమ్మా, మీ ఫోను ఒక పెద్ద అప్‌డేట్ తర్వాత నెమ్మదించిందంటే నాకు ముందుగా వచ్చే అనుమానం ఈ రెండో రకమే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. వేగం తగ్గించడం ఇంజినీరింగ్ లెక్కలో తప్పు కాదు. అత్యవసరంగా ఫోను చేయాల్సిన వేళ ఆగిపోవడం కన్నా కాస్త నెమ్మదిగా పనిచేయడమే మేలు కదా? ముసలి బ్యాటరీతో పూర్తి వేగం ఎవరూ ఇవ్వలేరు.

జడ్చర్ల రిపేర్:

తమ్ముడూ, ఇంజినీరింగ్ లెక్క ఒప్పుకుంటాను. కానీ నా కౌంటరు ముందు నిలబడే మనిషికి ఆ లెక్క చెప్పినవాళ్లు ఎవరు? నా అభ్యంతరమంతా అక్కడే.

ఫోను ఆగిపోతే బ్యాటరీ పోయిందని ఎవరికైనా అనుమానం వస్తుంది. వచ్చి చూపిస్తారు, మార్పించుకుంటారు. ఆగకుండా నెమ్మదిస్తే ఆ అనుమానం రాదు. "ఫోను పాతదైపోయింది" అనుకుంటారు. వెయ్యి, పదిహేను వందలతో పోయే జబ్బుకు పదిహేను వేలు ఖర్చుపెడతారు. అంటే జబ్బు గుర్తును మాయం చేసి, జబ్బును అలాగే ఉంచినట్టు. చెప్పి చేస్తే అది సాయం అవుతుంది. చెప్పకుండా చేస్తే అవతలివాడి జేబులో చెయ్యి పెట్టినట్టే, ఉద్దేశం ఏదైనా సరే.

ఇది నా ఊహ కాదు. 2018లో బ్యాటరీ చౌకగా మార్చి ఇచ్చాక ఏం జరిగిందో యాపిల్ అధిపతి టిమ్ కుక్ స్వయంగా రాశారు. 2019 జనవరి 2న వాటాదారులకు రాసిన లేఖలో, అనుకున్నంత మంది కొత్త ఐఫోన్లకు మారకపోవడానికి ఉన్న కారణాల్లో తగ్గింపు ధరకు బ్యాటరీలు మార్పించుకోవడం ఒకటని చెప్పారు. బ్యాటరీ మారిస్తే చాలని తెలిసినవాళ్లు కొత్త ఫోను కొనలేదన్నమాట. తెలియనప్పుడు ఎంత మంది కొని ఉంటారు? ఫ్రాన్స్ 2020 ఫిబ్రవరిలో వేసిన రెండున్నర కోట్ల యూరోల జరిమానా కూడా వాడేవారికి సమాచారం ఇవ్వనందుకే. అమెరికాలో ఆ ఏడాదే యాపిల్ 50 కోట్ల డాలర్ల వరకు ఇచ్చేందుకు రాజీకి వచ్చింది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు.

ఇప్పుడు మన పాలమూరు, నల్లగొండ మాట. ఐఫోన్ వాడాల్సిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల మధ్య అని ఆ కంపెనీయే రాసుకుంది. 35 దాటిన వేడిలో బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని కూడా రాసింది. మిగతా కంపెనీల బ్యాటరీల్లో ఉన్నదీ అదే లిథియం. మనకు మార్చి రెండో వారానికే 35 దాటుతుంది. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. రేకుల షెడ్డు కింద, బండి ముందు హ్యాండిల్‌కు బిగించిన స్టాండులో, వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా పక్కన ఉండే ఫోను ఇంకా ఎక్కువ వేడిలో ఉంటుంది. అంటే ఏడాదిలో కొన్ని నెలలు మనం ఫోనును కంపెనీ గీసిన గీత అవతలే వాడుతున్నాం. వాడక తప్పదు, హాజరు ఫోనులోనే, ఓటీపీ ఫోనులోనే, బ్యాంకు ఫోనులోనే. చల్లని ఊళ్లో నాలుగేళ్లు వచ్చే బ్యాటరీ మా దగ్గరికి రెండేళ్లకే ముసలిదై వస్తుంది. ఎవరికైనా బ్యాటరీ సంగతి ముందుగా చెప్పాల్సి ఉందంటే, అది మనకే!

ఇప్పుడు కొన్ని కంపెనీలు బ్యాటరీ సంగతి చెబుతున్నాయి, అదీ ఒప్పుకోవాలి. ఐఫోన్లలో 2018 నుంచి బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సెట్టింగుల్లోనే కనిపిస్తుంది. గూగుల్ 2025లో తన పిక్సెల్ 6ఎ ఫోన్ల బ్యాటరీలు వేడెక్కుతున్నాయని 400 ఛార్జింగుల తర్వాత వాటి సామర్థ్యం తగ్గించే అప్‌డేట్ తెచ్చినప్పుడు ముందుగా ప్రకటించింది. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లలో బ్యాటరీ 800 ఛార్జింగుల తర్వాత కూడా కనీసం 80 శాతం నిలుపుకోవాలని నియమం పెట్టారు. మా దుకాణానికి వచ్చే పది, పన్నెండు వేల ఫోన్లలో మాత్రం చాలా వాటికి ఆ అంకె ఎక్కడుందో వెతికినా దొరకదు. ఖరీదైన ఫోను కొన్నవాడికి తెలిసే సంగతి కూలి హాజరు వేసే మనిషికి తెలియకపోవడం నాకు మింగుడుపడదు.

గద్వాల టీచర్:

ఒక జాగ్రత్త మాత్రం చెప్పి వెళ్తాను. బ్యాటరీ మార్పించేటప్పుడు బయట దుకాణంలో ఏది పడితే అది వేయించుకోకండి. మా పాఠశాలలో ఒకరికి వేసిన బ్యాటరీ మీద కంపెనీ పేరు అచ్చంగా ఉంది, నాలుగు నెలలకే పొంగింది. బిల్లు లేదు కాబట్టి అడగడానికీ దిక్కులేదు.

నల్లగొండ వకీలు:

అమ్మా, మీరు చట్టం గురించి నేరుగా అడగలేదు కానీ జరిమానాల ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, కొన్న వస్తువు నాణ్యత, ప్రమాణాల గురించి తెలుసుకునే హక్కు వినియోగదారుడికి ఉందని స్పష్టంగా రాసి ఉంది. అవసరమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడాన్ని సేవాలోపం నిర్వచనంలోనే చేర్చారు. కంపెనీ ఆఫీసు ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే నల్లగొండలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.

అయితే ఊహ మీద కేసు నిలబడదు. కంపెనీయే నెమ్మది చేసిందని రుజువు కావాలంటే బ్యాటరీ మార్చక ముందు వేగం ఎంత, మార్చాక ఎంత అన్న కొలత ఉండాలి. అందుకే మార్చే ముందే వేగం కొలిచే యాప్‌తో కొలిచి, తెర బొమ్మలు దాచుకోండి. సర్వీసు సెంటరులో ఫోను ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదును జాబ్‌షీటు మీద మీ మాటల్లోనే రాయించండి. "స్లో" అని ఒక్క మాట రాసి ఇస్తారు, అది చాలదు. "ముప్పై అయిదు శాతం ఛార్జి వద్ద ఆగిపోతోంది" అని ఉండాలి. తర్వాత ఇబ్బంది వస్తే ముందుగా 1915కు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనూ మాట్లాడవచ్చు. విడిభాగాలు, మరమ్మతుల వివరాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. మీ కంపెనీ అందులో ఉందేమో చూడండి.

దేవరకొండ మేట్:

జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. జడ్చర్ల అన్న చెప్పిన పరీక్ష రాత్రి చేశాను. ఇంట్లో, చల్లగా ఉన్నప్పుడు, ముప్పై ఎనిమిది శాతం దగ్గర వీడియో మొదలుపెట్టగానే ఆగిపోయింది. కాబట్టి ఎండ ఒక్కటే కారణం కాదు. బల్ల మీద పెట్టి కదిపితే తిరగడం లేదు, సందు కూడా లేదు.

వకీలు గారు చెప్పినట్టు మా అబ్బాయి వేగం కొలిచి బొమ్మలు తీసిపెట్టాడు. తర్వాత నల్లగొండ వెళ్లి కంపెనీ సర్వీసు సెంటరులో అడిగాను. బ్యాటరీ తెప్పించి వేస్తామన్నారు, కూలితో కలిపి రెండు వేలకు కొంచెం తక్కువ. జాబ్‌షీటు మీద మొదట "స్లో, హ్యాంగ్" అని రాశారు. ఆగిపోయే శాతంతో సహా రాయమన్నాను. కౌంటరులోని అమ్మాయి అలా రాయడం ఆనవాయితీ లేదంది. రాయకపోతే ఫోను ఇవ్వనన్నాను. రాసింది.

ఫోను అక్కడ ఉన్నన్నాళ్లు హాజరు పక్క ఊరి మేట్ ఫోనులో వేసే ఏర్పాటు చేసుకున్నాను. ఆమె ఫోనుకూ ఇదే జబ్బు మొదలైంది, ఈ జవాబులన్నీ ఆమెకు చదివి వినిపించాను. అప్‌డేట్ వల్ల నెమ్మదించిందో లేదో బ్యాటరీ మార్చాక మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను. అంకెలు పెరిగితే కంపెనీకి లేఖ రాస్తాను, ఊరుకోను.

అన్నా, ఒక్క అనుమానం. పాత బ్యాటరీ నా వస్తువే కదా, రుజువు కోసం ఇంటికి తెచ్చుకోవాలా?

జడ్చర్ల రిపేర్:

అక్కా, వద్దు. మీ ముందే దాన్ని బయటికి తీయమని, మీద ఉన్న నంబరు, తయారైన తేదీ కనిపించేలా ఫోటో తీసుకోండి. పాతది వెనక్కి తీసుకున్నట్టు బిల్లు మీద రాయించుకుని అక్కడే వదిలేయండి. 2022 నుంచి వాడేసిన బ్యాటరీలను సేకరించి శుద్ధికి పంపే బాధ్యత వాటిని తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల మీదే ఉంది. ఇంట్లో పెట్టుకుంటే ఏ మేకో గుచ్చుకుని మంట పుడుతుంది, చెత్తలో వేస్తే ఆ బండిలో అంటుకుంటుంది. కొత్తది వేశాక మొదటిసారి కెమెరా తెరవడం కూడా వాళ్ల కౌంటరు మీదే చేయండి, ఛార్జి నలభై లోపు ఉన్నప్పుడు.